ఎల్‌కేజీలో ‘కేజీ’ వెనక ఒక ఆటల తోట

మీ ఇంట్లో మూడు, నాలుగేళ్ల చిన్నారి ఉంటే ఈపాటికే ఎల్‌కేజీ సీటు గురించి వాకబు మొదలుపెట్టే ఉంటారు. ఏ స్కూల్లో త్వరగా రాయిస్తారు? హోంవర్క్ ఇస్తారా? పక్కింటి పాప అప్పుడే వంద వరకు అంకెలు రాసేస్తోందట, మనవాడు వెనకబడిపోతాడా? ఇలాంటి దిగుళ్లు సహజమే. అయితే ఎల్‌కేజీ, యూకేజీల్లోని ‘కేజీ’ ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? అది కిండర్‌గార్టెన్. జర్మన్ భాషలో ‘పిల్లల తోట’ అని అర్థం. ఆ పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ చిన్నారుల చేతికి ముందుగా ఇచ్చింది అక్షరాల పుస్తకం కాదు, మెత్తని ఊలు బంతి! ఆయన కథ వింటే మీ పిల్లల ఆటను మీరు చూసే తీరే మారిపోవచ్చు.

ఆడుకోని బాల్యం

ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21న జర్మనీలోని తురింజియా ప్రాంతంలో, ఓబర్‌వైస్‌బాఖ్ అనే ఊళ్లో పుట్టారు. ఏడాదైనా నిండకముందే తల్లి చనిపోయింది. తండ్రి చర్చి పాస్టర్. చుట్టుపక్కల ఊళ్ల బాధ్యతతో ఆయనకు క్షణం తీరిక ఉండేది కాదు. సవతి తల్లి మొదట్లో ప్రేమగానే చూసినా తనకు బిడ్డ పుట్టాక ఈ పిల్లాడిని దూరం పెట్టింది. తోటి పిల్లలతో కలవనివ్వకుండా ఎక్కువగా ఇంటి పట్టునే ఉంచేవారు. తండ్రి దృష్టిలో వాడొక మందబుద్ధి. ఊళ్లో మగపిల్లల బడి ఉన్నా ఆడపిల్లల బడికే పంపారు. చెట్లూ మొక్కలే వాడికి నేస్తాలు.

పదేళ్ల వయసులో మేనమామ తనతో ష్టాట్‌ఇల్మ్ పట్టణానికి తీసుకెళ్లటంతో వాడి జీవితం మలుపు తిరిగింది. అక్కడ బడి ఉంది, ఆడుకోవటానికి తోటి పిల్లలున్నారు. మొదట్లో వాళ్లతో సమానంగా పరుగెత్తలేకపోయేవాడు. అన్నాళ్లూ కదలకుండా ఉంచిన ఒళ్లు కదా! మెల్లగా బలం వచ్చింది, బెరుకు పోయింది. ఆటకు దూరమైతే పిల్లలు ఏం కోల్పోతారో, ఆట దొరికితే ఏం పొందుతారో ఫ్రోబెల్ పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. స్వయంగా అనుభవించారు.

తిరిగి తిరిగి పిల్లల దగ్గరకే

పెద్దయ్యాక ఆయన దారి సాఫీగా సాగలేదు. పదిహేనేళ్లకు అడవుల నిర్వహణ నేర్చుకోవటానికి వెళ్లారు. తర్వాత యేనా విశ్వవిద్యాలయంలో చేరినా అప్పు తీర్చలేక అక్కడి జైల్లో తొమ్మిది వారాలు గడపాల్సి వచ్చింది. 1805లో భవన నిర్మాణం నేర్చుకుందామని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి, అనుకోకుండా బడిపంతులయ్యారు. పిల్లల మధ్య నిలబడిన తొలిరోజుల్లోనే తన చోటు ఇదేనని ఆయనకు తెలిసిపోయింది. ప్రసిద్ధ విద్యావేత్త పెస్టలోజీ స్విట్జర్లాండులోని ఇవర్డాన్‌లో నడుపుతున్న బడిలో 1808 నుంచి రెండేళ్లు గడిపారు. బెర్లిన్‌లో ఖనిజ స్ఫటికాలనూ అధ్యయనం చేశారు. చిన్న చిన్న ఆకారాలు కలిసి పెద్ద రూపం ఎలా సంతరించుకుంటాయో గమనించారు. 1816లో తన అన్నల పిల్లలతోనే సొంత బడి మొదలుపెట్టి, మరుసటి ఏడాది దాన్ని కైల్‌హావ్ గ్రామానికి మార్చారు. బాల్యంలో ఎదుగుదలకు ఆటే అత్యున్నత దశ అని 1826లో వెలువడిన తన పుస్తకంలో రాశారు. ఆటంటే ఊరికే కాలక్షేపమని అందరూ అనుకుంటున్న రోజులవి.

బంతి నుంచి పూలమడి వరకు

బడికి వచ్చేసరికే పిల్లల్లో ఎన్నో విషయాలు పాతుకుపోతున్నాయని, కాబట్టి అంతకంటే ముందే మొదలుపెట్టాలని ఫ్రోబెల్ నమ్మారు. 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నారుల కోసం ఒక సంస్థ తెరిచారు. దానికి ఏ పేరు పెట్టాలో చాలాకాలం తేలలేదు. 1840లో మిత్రులతో కొండదారిలో నడిచి వెళ్తుండగా పేరు తట్టింది. అదే కిండర్‌గార్టెన్. తోటమాలి మొక్కను లాగి పెంచడు. నీళ్లు పోస్తాడు, ఎండ తగలనిస్తాడు. చిన్నారుల విషయంలో పెద్దల పనీ అంతేనన్నది ఆయన భావన.

ఆయన తయారుచేసిన ఆటవస్తువులను ‘కానుకలు’ అనేవారు. మొదటిది దారం కట్టిన ఆరు రంగుల ఊలు బంతులు. తర్వాత చెక్క గుండు, ఘనం. మూడోది ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే చెక్క దిమ్మె. దీంతో బుజ్జాయి కుర్చీ కడతాడు, మెట్లు కడతాడు, గోడ కడతాడు. అది కూలిపోతుంది, మళ్లీ కడతాడు. ఎనిమిదిలో సగం నాలుగని, అందులో సగం రెండని ఎవరూ చెప్పకుండానే చేతికి తెలుస్తుంది. అడుగున పెద్దగా పేరిస్తేనే పైది నిలుస్తుందని కంటికి తెలుస్తుంది.

ఇక సావాసం సంగతి. పిల్లలంతా వలయంగా నిలబడి చేతులు పట్టుకుని, పాడుతూ ఆడే ఆటలుండేవి. ఒకరు లాగితే వలయం తెగిపోతుంది. తన వంతు వచ్చేదాకా ఆగాలి. తోటలో ప్రతి బిడ్డకూ సొంతంగా ఒక చిన్న మడి ఉండేది. దాన్ని చూసుకునే బాధ్యత ఆ బిడ్డదే. చుట్టూ అందరికీ కలిపి ఉమ్మడి మడులుండేవి. నాదీ మనదీ అన్న తేడా, రెండింటినీ కాపాడుకోవటం మట్టిలోనే నేర్చుకునేవారు.

నిషేధం మధ్యే కన్నుమూత

పల్లె పిల్లలతో పాటలు పాడుతూ గంతులేసే ముసలాయన్ని చూసి పిచ్చివాడని నవ్వుకున్నవారూ ఉన్నారు. ఆయన వెనక్కి తగ్గలేదు. చిన్నారులకు నేర్పటానికి యువతులకు శిక్షణ ఇచ్చారు. కానీ 1851 ఆగస్టులో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. అవి నాస్తికత్వాన్ని, సోషలిజాన్ని నూరిపోస్తున్నాయని ఆరోపణ. అన్న కొడుకు కార్ల్ ఫ్రోబెల్ రాసిన ఒక పుస్తకాన్ని ఈయనకు అంటగట్టటం కూడా అందుకు కారణం. ఎన్ని విన్నపాలు చేసుకున్నా ఫలితం లేకపోయింది. 1852 జూన్ 21న, డెబ్బై ఏళ్ల వయసులో ఫ్రోబెల్ కన్నుమూశారు. అప్పటికింకా నిషేధం తొలగలేదు. మరో ఎనిమిదేళ్లకు, 1860లో ఎత్తేశారు. ఈలోపే ఆయన ఆలోచనలు ఇతర దేశాలకు చేరాయి. 1856లో మార్గరెథ్ షుర్జ్ అమెరికాలోని వాటర్‌టౌన్‌లో కిండర్‌గార్టెన్ ప్రారంభించారు. ఫ్రోబెల్‌కు సొంత బిడ్డలు లేరు. ష్వైనాలో ఆయన సమాధి మీద ఘనం, స్తంభం, గుండు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. పిల్లల బొమ్మలే ఆయనకు స్మారకం.

మరి మన ఇళ్లలో?

‘కేజీ’ అన్న పేరు మన వీధి చివరి బడి దాకా వచ్చింది. తోటే చాలాచోట్ల రాలేదు. మూడేళ్ల పిల్లల వేళ్లు పెన్సిల్‌ను పట్టుకుని గంటలకొద్దీ రాయటానికి ఇంకా సిద్ధం కావు. మట్టి పిసకటం, పూసలు గుచ్చటం, దిమ్మెలు పేర్చటమే ఆ వేళ్లకు తగిన వ్యాయామం. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022లో వచ్చిన మన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఆటనే బోధనకు మూలంగా చేసుకుంది. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలేలా గడపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఫోన్, టీవీల ముందు కూర్చోవటం గంట మించకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని చెబుతోంది.

దీనికి ఖరీదైన బొమ్మలేం అక్కర్లేదు. ఖాళీ అట్టపెట్టెలు, గిన్నెలు, మూతలు ఇవ్వండి. గుజ్జనగూళ్లు ఆడితే వంటింట్లో ఒక మూల వదిలేయండి. సాయంత్రం కాసేపు అపార్ట్‌మెంట్ పిల్లలతో దాగుడుమూతలో, ఒప్పులకుప్పో ఆడనివ్వండి. చిన్న చిన్న తగవులొస్తే వెంటనే తీర్పు చెప్పకండి, దెబ్బలు తగలకుండా మాత్రం చూడండి. సర్దుకుపోవటం వాళ్లు నేర్చుకునేది అక్కడే. మూడేళ్లు దాటినా బొమ్మకు అన్నం పెట్టటం వంటి ఉత్తుత్తి ఆటలు ఆడకపోతే, పేరు పెట్టి పిలిచినా పలకకపోతే, తోటి పిల్లల వంక అసలే చూడకపోతే మాత్రం పిల్లల వైద్యులకు చూపించండి.

ఈసారి ఎల్‌కేజీ సీటు కోసం వెళ్లినప్పుడు ఎంత రాయిస్తారని అడిగే ముందు, రోజూ ఎంతసేపు ఆడిస్తారని అడగండి. ఆ పేరు పెట్టిన పెద్దాయన ఉంటే ముందు అడిగే ప్రశ్న అదే.