సలెర్నో ట్రోటా

సలెర్నో ట్రోటా 12వ శతాబ్దంలో దక్షిణ ఇటలీలోని సలెర్నో నగరానికి చెందిన వైద్యురాలు, గ్రంథకర్త్రి. ఐరోపాలో ట్రోటులా అనే పేరుతో ప్రసిద్ధురాలు.

ఈమె వైద్యం ఆధారంగా వెలువడిన స్త్రీచికిత్సా గ్రంథంలో, ప్రసవవేళ యోనికీ గుదానికీ నడుమ చర్మం చీలినపుడు చేయవలసిన చికిత్స ముఖ్యమైనది. చీలికను పట్టుదారంతో మూడు నాలుగు చోట్ల కుట్టాలి. బాలింతను ఎనిమిది తొమ్మిది రోజులు కాళ్ళు ఎత్తుగా ఉంచి పడుకోబెట్టాలి. స్నానం, దగ్గు తెప్పించేవి, అరగని ఆహారం కూడదు. అసలు చీలకుండా కాన్పు సమయంలో గుదభాగాన్ని గుడ్డతో అదిమిపట్టాలని చెప్పడం మరింత విశేషం. నేటికీ ప్రసూతి వైద్యులు అక్కడ చేతితో ఆసరా ఇస్తారు.

1566లో బాసెల్‌లో ముద్రించిన ప్రతి సంపాదకుడు ఈ గ్రంథాన్ని ఒక పురుషునికి ఆపాదించాడు. 1985లో చరిత్రకారుడు జాన్ బెంటన్, మాడ్రిడ్‌లోని ఒక వ్రాతప్రతిలో ట్రోటా పేరిట ఉన్న మరొక వైద్యగ్రంథాన్ని వెలుగులోకి తెచ్చాడు.