ఇంటి పెద్దదిక్కు ఎస్వీఆర్

సినిమా అభిమానం అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది హీరోలు. వాళ్ళ పేరు మీద సంఘాలు, కొత్త బొమ్మ విడుదలైతే హాలు ముందు తోరణాలు, మీ హీరో గొప్పా మా హీరో గొప్పా అని హాస్టలు గదుల్లో తెల్లవార్లూ తగాదాలు. ఇవన్నీ మన కాలేజీలో చదివిన ప్రతి బ్యాచీకీ తెలిసినవే. కానీ ఎస్.వి. రంగారావుగారి విషయంలో అలాంటి తగాదా నేను ఎన్నడూ వినలేదు. రామారావు అభిమానీ, నాగేశ్వరరావు అభిమానీ ఒకే బెంచీ మీద కూర్చుని ఒప్పుకునే పేరు ఏదైనా వుందంటే అది ఆయన పేరే. ఆయన పోయి యాభై యేళ్ళు దాటింది. ఇప్పటికీ ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్ళు కనబడరు. హీరో కాని మనిషికి ఇంత అభిమానం ఎలా దక్కిందీ అని నేను చాలాసార్లు ఆలోచించాను.

సామర్ల వెంకట రంగారావు 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టారు. తండ్రిగారు ఎక్సైజు శాఖలో ఉద్యోగి. చదువు కొంత మద్రాసులో, కొంత ఏలూరు, విశాఖపట్నాలలో సాగి, చివరకు కాకినాడ పి.ఆర్. కాలేజీలో బి.యస్సీ. దాకా వచ్చింది. నాటకాల పిచ్చి స్కూలు రోజుల నుంచీ వున్నదే. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో అది బాగా ముదిరింది. తర్వాత సినిమాల్లో పేరు తెచ్చుకున్న అంజలీదేవి, ఆమె భర్త, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు కూడా ఆ క్లబ్బు నుంచి వచ్చినవాళ్ళే. చదువయ్యాక రంగారావుగారు ఫైర్ సర్వీసులో ఆఫీసరుగా చేరి బందరులో, విజయనగరంలో పనిచేశారు. ఆ రోజుల్లో డిగ్రీ చదివి సర్కారు కొలువులో కుదురుకున్న కుర్రాడికి ఇంకేం కావాలి? ఆయన మాత్రం ఆ కొలువు వదిలేసి మొహానికి రంగు పూసుకోవడానికి బయలుదేరారు.

ఇక్కడి కథ మన విద్యార్థి మిత్రులు కాస్త జాగ్రత్తగా వినాలి. ఆయన మొదటి సినిమా ‘వరూధిని’ 1947లో వచ్చింది. అందులో ఆయన ప్రవరుడు, అంటే సాక్షాత్తూ కథానాయకుడే! బొమ్మ ఆడలేదు. ఆ తర్వాత పిలిచినవాళ్ళూ లేరు. ఆయన జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగానికి కుదురుకున్నారు. కొన్నాళ్ళకు ‘పల్లెటూరి పిల్ల’లో ప్రతినాయకుడి వేషానికి కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే తండ్రిగారు కాలం చేశారు. ఆ కార్యాలు ముగించుకుని మద్రాసు చేరేసరికి వేషం కాస్తా వేరొకరికి వెళ్ళిపోయింది. చివరికి 1950లో విడుదలైన ఆ సినిమాలో ఆయనకు మిగిలింది చిన్న పాత్ర. హీరోగా మొదలైన మనిషి అంత చిన్న వేషానికి ఒప్పుకోవాలంటే ఎంత కష్టంగా వుంటుందో చెప్పక్కర్లేదు. ఆయన ఒప్పుకున్నారు. అదే ఏడు విజయావారి ‘షావుకారు’లో సున్నం రంగడిగా, మరుసటి సంవత్సరం ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడిగా కనిపించేసరికి ఆంధ్రదేశమంతా ఒక్కసారి ఆయనవైపు తిరిగి చూసింది.

అప్పటికి ఆయన వయసు ముప్పై మూడు కూడా నిండలేదు. కానీ ఆయన్ను కుర్రాడిగా గుర్తుపెట్టుకున్నవాళ్ళెవరు? 1962లో ‘గుండమ్మ కథ’ వచ్చేనాటికి రామారావుగారికి ముప్పై తొమ్మిది, రంగారావుగారికి ఇంకా నలభై నాలుగు నిండలేదు. అయిదేళ్ళ తేడా! అయినా ఆయన తండ్రి, రామారావూ నాగేశ్వరరావూ ఆయన కొడుకులు. చూసేవాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు. జమీందారు, తాతయ్య, ఉమ్మడి కుటుంబానికి పెద్దన్నయ్య, ఏ వేషం వేసినా మన వీధిలోనే ఎక్కడో చూసిన మనిషిలా వుండేవారు. కండువా సర్దుకునే తీరు, కుర్చీలో వెనక్కి వాలే తీరు, కోపం వచ్చినా గొంతు పెంచకుండా చూసే చూపు, ఇవి మన నాన్నలవీ, పెదనాన్నలవీ. మన అభిమానం రహస్యం ఇదేనని నా నమ్మకం. హీరోలను చూసి అలా వుండాలని కోరుకున్నాం. ఈయన్ను చూసి మన ఇంట్లోవాడనుకున్నాం.

పౌరాణికాల్లో కూడా అంతే. ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడు రాక్షసుడే. కానీ గద భుజాన వేసుకుని నడిచే ఆ నడకలో చిన్నపిల్లవాడి సంబరం వుంది, భోజనాల దగ్గర వాడి ఆనందం చూస్తే మనకూ ఆకలేస్తుంది. ఆ సినిమాలో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో తిరిగే ఘట్టాలున్నాయి కదా. అక్కడ సావిత్రి నటించినది శశిరేఖను కాదు, రంగారావును! ఆయన చూపూ, ఠీవీ, ఆ భుజాల ఊపూ ఆమెలో కనబడతాయి. ఒక మహానటి మరొక నటుణ్ణి అంత నిశితంగా చదివి చూపించడం కంటే ఆయనకు పెద్ద మెచ్చుకోలు ఏముంటుంది?

ఇక ‘నర్తనశాల’ (1963)లో కీచకుడు. ఆ పాత్రకు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. స్వదేశంలో మాత్రం పద్మశ్రీ కూడా ఇవ్వలేదు. ఆయన దర్శకత్వం వహించిన ‘బాంధవ్యాలు’ (1968)కు నంది వచ్చింది, బాగానే వుంది. భారతీయ సినిమాకు నూరేళ్ళు నిండిన 2013లో తపాలా బిళ్ళ మీద ఆయన బొమ్మ వేశారు, అదీ బాగానే వుంది. కానీ పోయిన ముప్పై తొమ్మిదేళ్ళకు వచ్చిన బిళ్ళ ఆయన చూసుకున్నది కాదు కదా! అభిమానులకు ఈ బాధ ఇంకా పోలేదు, పోనక్కర్లేదు కూడా.

అభిమానం పేరుతో ఆయన్ను దేవుణ్ణి చేయడం నాకు ఇష్టం లేదు. మద్యం అలవాటు వుండేది. షూటింగుకు ఎప్పుడొస్తారో తెలియక నిర్మాతలు తిప్పలు పడిన రోజులూ వున్నాయని ఆయనతో పనిచేసినవాళ్ళే చెప్పారు. కెమెరా ముందు నిలబడ్డాక మాత్రం ఆ విసుగంతా మరిచిపోయేవారట. ఇంటి పెద్దలో లోపాలుంటే మనం దాచం, అలాగని ఆయన్ను వదులుకోం.

1974 జూలై 18న మద్రాసులో గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. వయసు యాభై ఆరు. చిత్తూరు నాగయ్యగారు పోయి అప్పటికి ఏడు నెలలైనా కాలేదు. ఏడాది తిరక్కుండా ఇద్దరు పెద్దలు వెళ్ళిపోయారు. నేనప్పుడు డిగ్రీ విద్యార్థిని. మా వూళ్ళో ఊరేగింపులేమీ జరగలేదు, బంద్ జరగలేదు. సినిమాలంటే గిట్టని మా నాయనమ్మ మాత్రం ఆ పూట అన్నం ముందు కూర్చుని ఆయన వయసెంతని అడిగింది. యాభై ఆరు అంటే ఎంతకీ నమ్మలేదు. ఆయన తనకంటే పెద్దవాడని అన్నాళ్ళూ అనుకుందట! మరుసటి ఏడు ‘యశోదకృష్ణ’ విడుదలైనప్పుడు, లేని మనిషి కంసుడై తెర మీద నడుస్తుంటే హాల్లో ఈలలు వేయడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఇప్పుడు మన కాలేజీ వార్షికోత్సవాల్లో ఎవరో ఒక కుర్రాడు మైకు పట్టుకుని మాంత్రికుడి గొంతు అనుకరిస్తాడు, హాలు దద్దరిల్లిపోతుంది. సంతోషమే. అయితే ఆ గర్జనే రంగారావు అనుకుంటే చాలా నష్టపోతాం. ‘మాయాబజార్’కు 2010లో రంగులు అద్ది మళ్ళీ విడుదల చేస్తే ఈ తరం పిల్లలు కూడా చూశారు. అలాగే బి.ఎన్. రెడ్డిగారి ‘బంగారు పాప’ కూడా ఒకసారి చూడండి. జార్జి ఎలియట్ నవల ‘సైలస్ మార్నర్’ను మన నేలకు తెచ్చిన కథ అది. అందులో కోటయ్య మొరటువాడు, తాగుబోతు. దిక్కులేని ఒక పసిపాప చేతిలోకి వచ్చాక ఆ మనిషి కొంచెం కొంచెంగా మెత్తబడతాడు. ఆ పాపను ఎత్తుకునేటప్పుడు అంత పెద్ద శరీరం ఎంత భయంగా, ఎంత పదిలంగా వంగుతుందో గమనించండి. మైకు ముందు ఎవరూ అనుకరించలేని రంగారావు అక్కడున్నారు.