నమాజు వేళల కావలి – హజ్రత్ బిలాల్ (రజి)

రోజుకు అయిదుసార్లు మన మస్జిదుల నుంచి అజాన్ వినిపిస్తుంది. ఆ పిలుపును మొట్టమొదట మదీనా వీధులకు వినిపించిన గొంతు హజ్రత్ బిలాల్ బిన్ రబాహ్ (రజి) గారిది. ఆయన పేరు వినని ముస్లిం ఇల్లు ఉండదు. అయితే ఆయన గురించి మన పిల్లల చెవిన ముందుగా పడే కథ ఏమిటో ఒకసారి గమనించండి. ఆయన ఉచ్చారణ సరిగా లేదని కొందరు ఫిర్యాదు చేశారట. ఒకరోజు ఫజ్ర్ అజాన్ ఇంకొకరి చేత ఇప్పించారట. ఆ రోజు ఎంతకీ తెల్లవారలేదట. చివరికి బిలాల్ (రజి) అజాన్ ఇచ్చిన తర్వాతే పొద్దు పొడిచిందట. వాజుల్లో ఈ కథ ఎంతో ఇష్టంగా చెబుతారు. వినేవారి కళ్లు చెమరుస్తాయి.

హదీసు విద్వాంసులు మాత్రం ఈ కథకు ఆధారం లేదని తేల్చి చెప్పారు. పైగా సహీహ్ ముస్లింలో ఉన్న ప్రామాణికమైన ఉల్లేఖనం ఒకటి దాదాపు దీనికి విరుద్ధమైన సంగతి తెలుపుతోంది. ఒక రాత్రి బిలాల్ (రజి) నిద్రపోయారు. సూర్యుడు ఆయన కోసం ఆగలేదు, తన వేళకు తాను ఉదయించాడు. నమాజు విషయంలో మనకు కావలసిన పాఠం కల్పిత కథలో కన్నా ఈ నిజ సంఘటనలోనే ఎక్కువగా ఉంది. అది మనసుకు పట్టాలంటే ఆయన జీవితాన్ని మొదటి నుంచి చూడాలి.

బానిస బతుకు

బిలాల్ (రజి) మక్కాలో పుట్టారు. తండ్రి పేరు రబాహ్, తల్లి పేరు హమామహ్. వంశం హబషా దేశానిది. పుట్టుకతోనే బానిసత్వం ఆయన నొసట రాసి ఉంది. బనూ జుమహ్ తెగ నాయకుడు ఉమయ్యా బిన్ ఖలఫ్ ఆయన యజమాని. మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) మక్కాలో సత్య సందేశం వినిపించిన తొలి రోజుల్లోనే బిలాల్ (రజి) ఇస్లాం స్వీకరించారు. అండగా నిలిచే తెగ లేదు, ఆస్తి లేదు, తన శరీరం మీద తనకే హక్కు లేదు. అలాంటి మనిషి విగ్రహాలను కాదని ఒక్క అల్లాహ్‌నే ఆరాధిస్తాననడం ఉమయ్యాకు తన పరువు మీద దెబ్బలా తోచింది.

మిట్టమధ్యాహ్నం మక్కా ఎడారిలో ఇసుక ఎలా కాలుతుందో హజ్‌కు వెళ్లొచ్చిన వారికి కొంత తెలుసు. ఆ ఇసుక మీద ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, గుండెల మీద పెద్ద బండరాయి పెట్టించేవాడు ఉమయ్యా. ముహమ్మద్ (సఅసం)ను తిరస్కరించాలి, లాత్, ఉజ్జాలను పూజించాలి, లేకుంటే ఇలాగే చావాలి అన్నది వాడి షరతు. ఆ బండరాయి కింద నుంచి బిలాల్ (రజి) పలికింది అల్లాహ్ ఒక్కడేనన్న ఆ ఒక్క మాటే. చివరికి హజ్రత్ అబూబకర్ సిద్దీఖ్ (రజి) ఆయన్ని కొని, అల్లాహ్ మార్గంలో విడుదల చేశారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అయిదు పూటల నమాజు మేరాజ్ రాత్రి విధి అయింది. బిలాల్ (రజి) బండరాయి మోసిన కాలం అంతకు ముందుది. అంటే ఆయన మొదట ఎవరికి తల వంచాలో నిర్ణయించుకున్నారు, తల వంచే వేళలు తర్వాత వచ్చాయి. తర్వాతి జీవితమంతా ఆయన ఆ వేళలకు కావలి కాశారు.

అజాన్ ఎలా మొదలైంది?

622లో ముస్లింలు మదీనాకు హిజ్రత్ చేశారు. కొత్త ఊరి గాలి పడక అబూబకర్ (రజి), బిలాల్ (రజి) ఇద్దరూ తీవ్రమైన జ్వరంతో మంచం పట్టారు. జ్వరం కాస్త తగ్గినప్పుడల్లా బిలాల్ (రజి) మక్కా లోయలను, అక్కడి గడ్డినీ నీటి తావులనూ తలచుకుని గొంతెత్తి కవిత చదివేవారని బుఖారీ గ్రంథంలో ఉంది. తనను హింసించిన ఊరి కోసం కూడా ఆయన మనసు కొట్టుకుంది.

మస్జిదె నబవీ నిర్మాణం జరిగింది. నమాజు వేళ అయిందని అందరికీ తెలిసేది ఎలా? యూదుల్లా బూర ఊదుదామా, క్రైస్తవుల్లా గంట కొడదామా అని సహాబాలు ఆలోచించారు. ఆ రోజుల్లోనే హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జైద్ (రజి)కి కలలో అజాన్ పదాలు వినిపించాయి. హజ్రత్ ఉమర్ (రజి)కి కూడా అలాంటి కలే వచ్చింది. ప్రవక్త (సఅసం) దాన్ని సత్యమైన కలగా ధ్రువపరిచారు. అయితే అజాన్ ఇచ్చే పని కల కన్నవారికి అప్పగించలేదు. ఆ పదాలను బిలాల్‌కు నేర్పమని అబ్దుల్లాహ్ బిన్ జైద్ (రజి)ను ఆదేశించారు. బిలాల్ గొంతు ఎక్కువ దూరం వినిపించే గొంతు కావడమే అందుకు కారణం. ప్రవక్తే (సఅసం) మెచ్చి ఎంచుకున్న గొంతు అది. ఉచ్చారణ లోపం కథకు ఇంతకు మించిన జవాబు అక్కరలేదు.

ఇది హిజ్రత్ మొదటి సంవత్సరంలో జరిగిందని ఎక్కువ మంది పండితుల అభిప్రాయం. కొద్ది ఏళ్ల కిందట బండరాయి కింద నలిగిన గొంతు ఇప్పుడు ఒక ఊరు ఊరంతటినీ అల్లాహ్ సన్నిధికి పిలుస్తోంది.

వేళ కోసం ఎదురుచూపు

మస్జిద్ చుట్టుపక్కల ఇళ్లలో ఎత్తయినది బనూ నజ్జార్‌కు చెందిన ఒక మహిళ ఇల్లు. బిలాల్ (రజి) చీకటి ఉండగానే వచ్చి ఆ ఇంటి కప్పు ఎక్కి కూర్చునేవారు. తూర్పు వైపు చూస్తూ వేకువ రేఖ కోసం ఎదురుచూసేవారు. వెలుగు కనిపించగానే లేచి ఒళ్లు విరుచుకుని, ముందు దుఆ చేసి, తర్వాత అజాన్ ఇచ్చేవారు. ఈ దుఆ ఎవరి కోసమో తెలుసా? తనను హింసించిన ఖురైషుల కోసం. వారు అల్లాహ్ ధర్మాన్ని నిలబెట్టేవారు కావాలని ప్రతి తెల్లవారుజామునా వేడుకునేవారు. ఒక్క రాత్రి కూడా ఆయన ఆ దుఆ వదలగా చూడలేదని ఆ ఇంటి ఇల్లాలు సాక్ష్యం చెప్పారు.

మదీనాలో ఇంకో ముఅజ్జిన్ కూడా ఉండేవారు. ఆయన కంటిచూపు లేని సహాబీ హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి). బిలాల్ (రజి) రాత్రి ఉండగానే అజాన్ ఇచ్చేవారు. అది నిద్రపోయేవారు లేవడానికి, తహజ్జుద్ చదివేవారు కాస్త విశ్రమించడానికి. ఉపవాసం ఉండేవారు ఆ అజాన్ విన్నాక కూడా సహరీ తినవచ్చు. తెల్లవారిందని ఎవరైనా చెప్పాక ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అజాన్ ఇస్తే అప్పుడు తినడం ఆపేవారు. ఒకరు నిన్నటి బానిస, ఒకరు అంధుడు. ప్రవక్త (సఅసం) ఊరంతటి నమాజు వేళలను ఈ ఇద్దరి చేతుల్లో పెట్టారు.

ప్రయాణాల్లో వుజూ నీళ్లు సిద్ధం చేయడం, నమాజు ముందు ప్రవక్త (సఅసం) ఎదుట చిన్న బల్లెం నాటి సుత్రా ఏర్పాటు చేయడం కూడా బిలాల్ (రజి) పనులే. నమాజుతో తమకు ఊరట కలిగించమని ప్రవక్త (సఅసం) ఆయన్ని అడిగేవారు. మనలో చాలామంది నమాజు ముగించుకుని ఊరట పొందాలనుకుంటాం. అక్కడ నమాజే ఊరట.

ఒకరోజు ఫజ్ర్ వేళ ప్రవక్త (సఅసం) ఆయన్ని పిలిచి, స్వర్గంలో మీ చెప్పుల చప్పుడు నా ముందు వినిపించింది, మీరు చేసే ఏ ఆచరణ మీద మీకు ఎక్కువ ఆశ ఉంది అని విచారించారు. బిలాల్ (రజి) బండరాయి సంగతి ఎత్తలేదు, అజాన్ సంగతీ ఎత్తలేదు. రాత్రి గానీ పగలు గానీ వుజూ చేసినప్పుడల్లా తనకు వీలైనంత నఫిల్ నమాజు చదువుతానని మాత్రమే చెప్పారు. ఎవరూ చూడని చిన్న ఆచరణ, కానీ ఎన్నడూ తప్పనిది.

ఆ రాత్రి

హిజ్రీ 7వ సంవత్సరం. ఖైబర్ యుద్ధం నుంచి సైన్యం తిరిగి వస్తోంది. రాత్రంతా నడిచి అందరికీ కునుకు ముంచుకొచ్చింది. చివరి జామున ఒకచోట ఆగారు. ప్రవక్త (సఅసం) ఆ రాత్రికి కావలి బాధ్యతను బిలాల్ (రజి)కి అప్పగించారు. అందరూ పడుకున్నారు. బిలాల్ (రజి) తనకు వీలైనంత సేపు నమాజు చదువుతూ గడిపారు. వేకువ దగ్గర పడగానే తూర్పు వైపు ముఖం పెట్టి, తన ఒంటెకు ఆనుకుని కూర్చున్నారు. కళ్లు మూతపడ్డాయి.

ఎండ ఒంటికి తగిలే వరకు ఎవరికీ మెలకువ రాలేదు. ముందుగా ప్రవక్త (సఅసం) కంగారుగా లేచి బిలాల్‌ను పిలిచారు. మీ ప్రాణాన్ని పట్టి ఉంచినవాడే నా ప్రాణాన్నీ పట్టి ఉంచాడని బిలాల్ (రజి) వినయంగా విన్నవించుకున్నారు. ఇలాంటి సంఘటననే తెలిపే బుఖారీ ఉల్లేఖనంలో, తనకు ఎన్నడూ ఇంతటి నిద్ర పట్టలేదని ఆయన చెప్పుకున్నట్టు ఉంది.

ప్రవక్త (సఅసం) ఆయన్ని నిందించలేదు. అక్కడి నుంచి కొంత ముందుకు కదిలి, వుజూ చేసుకుని, ఇఖామత్ చెప్పమని బిలాల్‌నే ఆదేశించారు. ఆ పని ఇంకొకరికి మార్చలేదు. ఫజ్ర్ నమాజు జమాఅత్‌తో చదివించారు. ఆ తర్వాత, నమాజు మరచినవారు గుర్తు రాగానే చదవాలని అందరికీ బోధించారు. నిద్రలో నమాజు తప్పినా ఇదే ఆదేశమని ఇతర హదీసుల్లో ఉంది.

ఈ సంఘటనే లేకపోతే, పొద్దెక్కాక లేచిన మనిషి ఏం చేయాలో ఉమ్మత్‌కు ఇంత స్పష్టంగా కళ్లకు కట్టేది కాదు. బిలాల్ (రజి) సూర్యుణ్ణి ఆపగలిగినవారు అయితే మనం ఆయన్ని చూసి ఆశ్చర్యపోయి ఊరుకునేవాళ్లం. శ్రమకు అలసిపోయే మనిషి, కావలికి తన వంతు ఏర్పాటు చేసుకున్న మనిషి, తప్పిన నమాజు కోసం ఆ క్షణమే నిలబడిన మనిషి కాబట్టి ఆయన్ని అనుసరించగలం.

కాబా కప్పు మీద, ఆ తర్వాత

హిజ్రీ 8వ సంవత్సరం, అంటే 630లో మక్కా జయించబడింది. ప్రవక్త (సఅసం) ఆదేశంపై బిలాల్ (రజి) కాబా కప్పు ఎక్కి అజాన్ ఇచ్చారు. ఒక హబషీ ఆ కప్పు మీద నిలబడటం కొందరు ఖురైషు పెద్దలకు మింగుడు పడలేదు. ఆ రోజు ప్రవక్త (సఅసం) కాబా లోపలికి వెళ్లినప్పుడు వెంట ఉన్న కొద్దిమందిలో బిలాల్ (రజి) ఒకరు. లోపల ప్రవక్త (సఅసం) ఎక్కడ నమాజు చేశారో హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) అడిగి తెలుసుకున్నది ఆయన ద్వారానే.

632లో ప్రవక్త (సఅసం) పరమపదించారు. ఆ తర్వాత బిలాల్ (రజి)కి మదీనాలో ఉండబుద్ధి కాలేదు. తనను కొన్నది అల్లాహ్ కోసమే అయితే అల్లాహ్ మార్గంలో వెళ్లనివ్వమని అబూబకర్ (రజి)ను కోరారు. తర్వాత సిరియా చేరుకున్నారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు ఆయన కోరిక మీద బిలాల్ (రజి) మళ్లీ అజాన్ ఇచ్చారనీ, ఆ గొంతు విని సహాబాలు వెక్కి వెక్కి ఏడ్చారనీ చరిత్రకారులు రాశారు. సుమారు హిజ్రీ 20లో ఆయన మరణించారు. డమాస్కస్‌లోని బాబుస్సగీర్ ఖబ్రస్తాన్‌లో ఆయనదిగా చెప్పే సమాధి ఉంది.

ఇక మన ఇళ్ల సంగతి చూద్దాం. ఫజ్ర్‌కు మెలకువ రాని అబ్బాయి, ఇవాళ ఎలాగూ పోయింది కదా అని జొహర్ కూడా వదిలేస్తాడు. అలా వారాలు గడుస్తాయి. ఇంట్లో పెద్దలు తిట్టిపోస్తారు, వాడు సిగ్గుతో మరింత దూరమవుతాడు. ఖైబర్ దారిలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. రాత్రి పెందలాడే పడుకోవడం, అలారం పెట్టుకోవడం, లేపమని ఎవరికైనా చెప్పుకోవడం మన వంతు కావలి. అయినా తప్పిపోతే లేవగానే వుజూ చేసి ఖజా చదవాలి. తల్లిదండ్రులారా, ఆలస్యంగా లేచిన బిడ్డకు ముందు వుజూ నీళ్లు చూపించండి, ఉపన్యాసం తర్వాత ఇవ్వవచ్చు.

మరో మాట. మనందరి కన్నా ముందు లేచి, మస్జిద్ తలుపులు తీసి, చీపురు పట్టి, హౌజు నింపి, అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్‌ను మనం ఎలా చూస్తున్నాం? జీతం పెంచే మాట వస్తే కమిటీల్లో ఎందుకు గొంతులు తగ్గిపోతాయి? ఆయన చేస్తున్నది హజ్రత్ బిలాల్ (రజి) చేసిన పని.

అల్లాహ్ మనకు, మన సంతానానికి నమాజును కళ్లకు చల్లదనంగా, మనసుకు ఊరటగా చేయుగాక! ఆమీన్.