సత్యసంధుడగు క్రీడాకారుడు బాబీ జోన్సు

మన అన్నవరమున పంపానది యొడ్డునను, చుట్టుప్రక్కల చెరువుగట్ల మీదను బంతియాట లాడని బాలుడుండడు. ఆట మంచి పట్టున నుండగా బంతి నీట బడును. వెంటనే తగవు పుట్టును. ఒకడు బంతి చెరువులో బడినదనును. వేరొకడు అది చెరువు కాదు, నిన్నటి వానకు నిలిచిన నీరనును. కార్తెలనుబట్టి నీరు పెరుగుచు తరుగుచుండు మన సీమలో చెరువెచ్చట మొదలగునో చెప్పుట సులభము కాదు. హద్దురాయి లేనిచోట తీర్పు చెప్పవలసినవా డెవడు? ఈ ప్రశ్నను మనసున నుంచుకొని, గోల్ఫు అను నాటయందు లోకప్రఖ్యాతి గాంచిన యొక పురుషుని చరిత్రము నిచ్చట సంగ్రహముగ వ్రాయుచున్నాను.

గోల్ఫు స్కాట్లండు దేశమున వర్ధిల్లిన యాట. విశాలమైన పచ్చికబయలున 18 గుంటలుండును. చిన్న బంతిని కర్రతో గొట్టుచు ఒక్కొక్క గుంటలో వరుసగా పడవేయవలెను. తక్కువ దెబ్బలతో ముగించినవాడే విజేత. మనదేశమున కలకత్తాలో 1829లోనే గోల్ఫు సంఘ మేర్పడినది. విశాఖపట్టణమునను, హైదరాబాదునను గూడ ఈ యాటకు బయళ్లు గలవు. ఈ యాటలో నొక విశేషము గలదు. ప్రతి యాటగాని వెంటను న్యాయనిర్ణేత నడువడు. తన తప్పును తానే చెప్పుకొని, దానికి దండుగగా నొక దెబ్బను తన లెక్కలో తానే కలుపుకొనవలెను.

రాబర్టు టైర్ జోన్సు అమెరికాలోని జార్జియా రాష్ట్రమున అట్లాంటా నగరమున 1902వ సంవత్సరము మార్చి 17వ తేదీని జన్మించెను. అందరును ఇతనిని బాబీ యని పిలిచెడివారు. తండ్రి న్యాయవాది. బిడ్డ పసితనమున మిక్కిలి బలహీనుడు. వేసవియందు ఆ కుటుంబమువారు ఈస్టు లేకు గోల్ఫు బయలు చెంత నివసించిరి. అచ్చట ఆట నేర్పుచుండిన స్టూవర్టు మెయిడెన్ అను స్కాట్లండు వాని వెంట తిరుగుచు, అతడు కర్ర త్రిప్పు విధమును చూచి చూచి బాలుడు తనంతట తానే యాట నేర్చెను. 14 ఏండ్లకే, 1916లో, అమెరికా అమెచ్యూరు పోటీలో పాల్గొనెను.

నేర్పు గలిగినను బాలునకు ఓర్పు లేకుండెను. దెబ్బ తప్పినచో కర్రలు విసరివేసెడివాడు. 1921లో స్కాట్లండునందలి సెయింటు ఆండ్రూసులో జరిగిన ఓపెను పోటీయందు ఇసుకగోతిలో చిక్కుపడి, విసిగి, పోటీని నడుమనే విడిచెను. ఆ యవమానము నతడు మరువలేదు. అటుపిమ్మట తన కోపమును తానే గెలుచుటకు సాధన చేసెను. చదువును విడువలేదు. జార్జియా టెక్కులో యంత్రశాస్త్రమును, హార్వర్డులో ఆంగ్ల సాహిత్యమును అభ్యసించి పట్టములు పొందెను. తరువాత న్యాయశాస్త్రము చదివి న్యాయవాది యయ్యెను. పందెపు సొమ్ము కొరకు ఎన్నడును ఆడలేదు.

1923లో అమెరికా ఓపెను పోటీని మొదటిసారి గెలిచెను. కాని ఇతని పేరు నిలిపినది 1925లో గెలుపు కాదు, ఓటమి. ఆ యేట మసచూసెట్సు రాష్ట్రమున వూస్టరులో అమెరికా ఓపెను జరిగెను. మొదటి యావృత్తిలో 11వ గుంటకడ బంతి పొడుగు గడ్డిలో నుండెను. కొట్టుటకు కర్ర నానించునంతలో బంతి రవంత కదలెను. చూచినవారు లేరు. జోన్సు తానే తప్పు చెప్పుకొనెను. అధికారులు తాము చూడలేదన్నను వినక, దండుగ దెబ్బను లెక్కలో వ్రాయించెను. నాలుగావృత్తులు ముగియునప్పటికి ఇతడును విల్లీ మాక్‌ఫార్లేనును సమానులైరి. ఆ దెబ్బ చేరకున్నచో జోన్సు అప్పుడే విజేత. మరల 36 గుంటలాడిన పిమ్మట ఒక్క దెబ్బతో ఓడెను. లోకులు పొగడగా అతడు సంతసింపలేదు. దొంగతనము చేయనందుకు మనుష్యుని పొగడుదురా యని యతని భావము.

ఐదేండ్లు గడచెను. 1930లో జోన్సు బ్రిటిషు అమెచ్యూరు, బ్రిటిషు ఓపెను పోటీలను గెలిచి, జూలైలో మినియాపొలిసు చెంతనున్న ఇంటర్లాకెన్ బయలున అమెరికా ఓపెనుకు వచ్చెను. ఎండలు మండిపోవుచుండెను. రెండవ యావృత్తి 9వ గుంటకడ, చెరువు దాటించుటకు గొట్టిన బంతి సరిగా లేవక నీటిపై బడెను. బాలురు విసరిన పెంకువలె నీటిమీద కప్పగంతులు వేయుచు ఆవలి యొడ్డు చేరెను. అది అదృష్టమే గాని నేర్పు కాదు.

కడపటి యావృత్తిలో 17వ గుంట 262 గజముల దూరమున నుండెను. జోన్సు కొట్టిన బంతి కుడిప్రక్కకు మరలి చెట్టుకు తగిలి, చిత్తడినేల వైపు పోయి కనబడకుండెను. ఎంత వెదకినను దొరకలేదు. బంతి పోయినదని తీర్పైనచో, దండుగ దెబ్బతో బాటు మొదటి చోటికి మరలి కొట్టవలెను. నీట బడినదని తీర్పైనచో, దండుగ నొక దెబ్బ కలుపుకొని ఆ చిత్తడి ప్రక్కనే బంతి నుంచి ముందుకు సాగవచ్చును. జోన్సు తానుగా నిర్ణయించుకొనక రిఫరీ నడిగెను. ఆ రిఫరీ ప్రెస్కాటు బుష్, అనంతరకాలమున అమెరికా అధ్యక్షులైన బుష్షులలో నొకరికి తండ్రి, మరియొకరికి తాత. బంతి నీటి హద్దులోనికే పోయినదని యతడు తీర్పు చెప్పెను. జోన్సు ఆ గుంటను ఐదు దెబ్బలతో ముగించి, 18వ గుంటకడ దూరపు బంతిని ఒక్క దెబ్బలో దొరలించి, రెండు దెబ్బల తేడాతో గెలిచెను. సెప్టెంబరులో అమెరికా అమెచ్యూరును గూడ గెలిచి, ఒకే యేట నాలుగు మహాపోటీలను జయించెను.

ఆ తీర్పు సరియైనదా? విమర్శకులు నేటికిని వాదించుచునే యున్నారు. 1744లో ఎడింబరో చెంత లీతులో వ్రాయబడిన 13 నిబంధనలలోనే నీట బడిన బంతిని వెలికి దీసి, ప్రత్యర్థికి ఒక దెబ్బ నొసగవలెనని యున్నది. 2019 నుండి అమలులోనున్న నిబంధనలు విషయమును మరింత స్పష్టము చేసినవి. చెరువు గాని, కాలువ గాని, మురుగుపల్లము గాని కొయ్యలు పాతి గుర్తింపకపోయినను నీటిహద్దే. అందు నీరెండియున్నను అంతే. నేల నీటిని నిలుపు పల్లముగా దిగుచోటే దాని యంచు. అట్టిదానికి ఎఱ్ఱకొయ్యలున్నట్లే భావించి, బంతి యంచు దాటిన చోటికి రెండు కర్రల పొడవులోపల, గుంటకు దగ్గర కాకుండ, ఒక దెబ్బ దండుగతో బంతిని విడువవచ్చును. కాని బంతి నీటిలోనికి పోయెనని తెలిసియుండవలెను, లేక దాదాపు నిశ్చయముగ నుండవలెను. ఆ నిశ్చయము లేనిచో అది పోయిన బంతియే.

ఇచ్చటనే చిక్కున్నది. కొయ్యలు పాతినను పాతకున్నను, బంతి యెటు పోయెనో చెప్పవలసినవాడు తరచుగా ఆటగాడే. 1930లో తీర్పు తప్పైనను ఒప్పైనను, జోన్సు మాట శంకింపబడకుండుటకు 1925లో చేర్చుకొనిన ఆ యొక్క దెబ్బయే కారణమని నా యభిప్రాయము. నాడు పోయినదనుకొన్న దెబ్బ యిట్లు తిరిగి వచ్చినది.

28వ యేటనే జోన్సు పోటీలు మానెను. ఆగస్టా నగరమున గోల్ఫు బయలు నిర్మింపజేసి, 1934లో అచ్చట పోటీలు ప్రారంభించెను. 1990 వరకు ఆ సంఘమున నల్లజాతివారికి సభ్యత్వము లేకుండుట దాని చరిత్రలో మచ్చయని చెప్పక తప్పదు. యుద్ధకాలమున సైన్యమున జేరి 1944 జూనులో నార్మండీ తీరమున దిగెను. 1948 నుండి వెన్నుపాము వ్యాధి పీడించి, క్రమముగ కాలుసేతులు పడిపోయెను. చక్రముల కుర్చీలో గూర్చుండియు తన బాధను నలుగురిలో వెల్లడింపకుండెను. తాను యౌవనమున కోపించి విడిచిపోయిన సెయింటు ఆండ్రూసు నగరమే 1958లో పౌరసత్వమిచ్చి గౌరవించెను. అంతకుముందు ఆ గౌరవము పొందిన అమెరికావాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక్కడే. 1971 డిసెంబరు 18వ తేదీని, 69వ యేట, జోన్సు పరమపదించెను.

బాలురారా! రేపు మీ బంతి గట్టులేని నీటిలో బడినప్పుడు తగవులాడకుడు. నేల వాలిన చోటు చూడుడు, నీరు నిలుచు చోటు చూడుడు. అప్పటికిని తేలనిచో, చూచినదానిని చూచినట్లు చెప్పుడు. హద్దురాయి లేనిచోట ఆటగాని మాటయే హద్దురాయి.