యల్లాప్రగడ సుబ్బారావు

భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. ఇంట కలిమి లేదు. ధనము గడింపనెంచి పదమూడవ యేట కాశికి బయలుదేరగా, తల్లి వెదకి తెచ్చి మరల చదువున పెట్టెను. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసులో నెగ్గెను.

మద్రాసు వైద్యకళాశాలలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించెను. అందుకు ఒక ఆచార్యుడు కినియగా ఆయనకు తక్కువ పట్టాయే దక్కెను. ఆ కాలముననే సోదరుడు పురుషోత్తము స్ప్రూ అను వ్యాధికి బలియయ్యెను. తిన్నది వంటికి పట్టక, రక్తము క్షీణించి మనిషి కృశించు వ్యాధి అది. వైద్యము నేర్చియు సోదరుని దక్కించుకొనలేని దుఃఖము ఆయన నెన్నడును విడువలేదు.

1922లో అమెరికాలోని బోస్టను నగరము చేరెను. రాత్రులు ఆసుపత్రిలో ఊడిగము చేయుచు, పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివెను. 1925లో ఫిస్కేతో కూడి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరెను. రక్తము పుట్టుటకు ఫోలిక్ ఆమ్లము ఆవశ్యకము. 1945లో ఆయన బృందము దానిని ప్రయోగశాలలో తయారుచేసెను. సోదరుని కబళించిన స్ప్రూ వ్యాధికి అది ఔషధమయ్యెను.

రక్తక్యాన్సరులో చెడుకణములు పెరుగుటకును ఫోలిక్ ఆమ్లమే కావలెను. దానిని పోలియుండి, దాని పని సాగనీయని మందులను ఆ బృందము కూర్చెను. 1947లో వైద్యుడు ఫార్బరు ఎమినాప్టెరిన్ అను మందును రోగులైన బాలలకు ఇయ్యగా, కొందరికి వ్యాధి తాత్కాలికముగా ఉపశమించెను. మెథోట్రెక్సేట్ ఆ జాతి మందే. 1948 ఆగస్టులో సుబ్బారావు న్యూయార్కున కన్నుమూసెను. మరల స్వదేశము చూడలేదు.

ఆయన పోయినను ఆ మందు పని ముగియలేదు. రక్తక్యాన్సరు రోగికి దాత మూలకణములను ఎక్కించు చికిత్స తరువాతి కాలమున వచ్చెను. ఇందొక చిక్కు కలదు. కణములపై తలిదండ్రులనుండి సంక్రమించిన గుర్తులుండును. అవి సరిపడనిచో దాతకణములు రోగి శరీరమును పరాయిదిగా నెంచి దాడిచేయును. ఒక తోబుట్టువుతో ఈ గుర్తులన్నియు కలియుటకు నాల్గింట ఒక పాలు మాత్రమే అవకాశము. కలిసినను ఇతర జన్యుభేదములవలన దాడి జరుగవచ్చును. ఆ దాడిని అణచుటకు వైద్యులు మెథోట్రెక్సేటును స్వల్పముగా ఇత్తురు.

అయితే ఒకే మోతాదు అందరికిని ఒకేరీతి పనిచేయదు. ఫోలిక్ ఆమ్లమును శరీరమునకు పనికివచ్చునట్లు మార్చు ఎంజైము ఒకటి కలదు. కొందరిలో దాని జన్యువు కొంత భిన్నమై, అది మందముగా పనిచేయును. అట్టివారికి మెథోట్రెక్సేట్ ఇచ్చినపుడు నోటిపూత అధికముగా వచ్చుట 2001లో వెలువడిన ఒక పరిశోధనలో కానవచ్చెను. కావున వ్యాధి నెరిగిన చాలదు, వ్యాధిగ్రస్తుని పుట్టుకతోడి స్వభావమును సైతము వైద్యుడు ఎరుగవలెను.

ఒక సోదరుని కాపాడలేకపోయిన వేదన నుండి పుట్టిన కృషి, నేడు సోదరుని మూలకణములతో బ్రదుకు నిలుపుకొను రోగులకు అండగా నిలిచినది.