బడ్జ్ బడ్జ్‌లో దిగిన బాబా: గుర్దిత్ సింగ్‌కు ఏ దేశంలోనూ దొరకని విచారణ

కోల్‌కతాకు నైరుతి దిక్కున, హుగ్లీ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం బడ్జ్ బడ్జ్. చమురు నిల్వ కేంద్రాలు, జూట్ మిల్లులు, సియాల్దా నుంచి వచ్చే లోకల్ రైలుకు చివరి స్టేషన్. 1897 ఫిబ్రవరిలో పాశ్చాత్య దేశాల పర్యటన ముగించుకుని వచ్చిన స్వామి వివేకానంద ఇక్కడే ఓడ దిగారు. ఆయన కోసం ప్రత్యేక రైలు సిద్ధంగా ఉంది. సియాల్దాలో జనం బ్రహ్మరథం పట్టారు.

పదిహేడేళ్ల తర్వాత, 1914 సెప్టెంబరు 29న అదే రేవులో మరో ఓడ ఆగింది. అందులో వచ్చినవారి కోసమూ ప్రత్యేక రైలు సిద్ధంగా ఉంది. అయితే అది స్వాగతం పలకడానికి వచ్చిన రైలు కాదు, పట్టుకుపోవడానికి వచ్చినది. ఆ రాత్రికి స్టేషన్ పరిసరాల్లో శవాలు పడి ఉన్నాయి. ఓడ పేరు కొమగాట మారు. దాన్ని అద్దెకు తీసుకుని నడిపిన మనిషి గుర్దిత్ సింగ్. పంజాబీలు ఆయన్ను గౌరవంగా బాబా అంటారు.

సర్హాలీ నుంచి సింగపూర్‌కు

గుర్దిత్ సింగ్ 1860లో అమృత్‌సర్ జిల్లా సర్హాలీలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు తరన్ తారన్ జిల్లాలో ఉంది. తాత సిక్కు రాజ్య సైన్యంలో పనిచేసి బ్రిటిష్ వారితో పోరాడినవాడు. రాజ్యం పోయాక ఆ కుటుంబం బతుకుదెరువు వెతుక్కుంటూ సముద్రం దాటింది. తండ్రి హుకం సింగ్ మలయాలో చిన్న కాంట్రాక్టరుగా స్థిరపడ్డారు. గుర్దిత్ సింగ్‌కు బడి చదువు పెద్దగా అబ్బలేదు. తండ్రికి ఉత్తరాలు రాయడానికి సరిపడా అక్షరాలు సొంతంగా నేర్చుకున్నారు. 1885లో మలయా వెళ్లి, క్రమంగా అక్కడా సింగపూర్‌లోనూ కాంట్రాక్టులు, వ్యాపారాలతో డబ్బున్న మనిషి అయ్యారు.

సొంతూరు వచ్చినప్పుడు ఆయన కళ్ల ముందు వెట్టిచాకిరీ కనిపించింది. పర్యటనకు వచ్చే అధికారులు పల్లె జనంతో కూలి ఇవ్వకుండా పనులు చేయించుకునేవారు. 1911లో ఆయన దీనిపై ప్రభుత్వానికి ఫిర్యాదులు రాశారు. జవాబు రాకపోవడంతో, వెట్టి చేయవద్దని ఊరివాళ్లకే చెప్పారు. ముందు అర్జీ, అది పనిచేయకపోతే ధిక్కారం. తర్వాతి జీవితమంతా ఆయన నడిచిన దారి ఇదే.

చట్టం వేసిన చిక్కుముడి

1904 నుంచి 1908 మధ్య సుమారు 5 వేల మంది భారతీయులు, ఎక్కువగా పంజాబీలు, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకు చేరారు. కలప మిల్లుల్లో, రైలుమార్గాల పనుల్లో కుదిరారు. 1907లో వాంకూవర్‌లో ఆసియావాసులపై అల్లర్లు జరిగాయి. భారతీయులూ బ్రిటిష్ ప్రజలే కనుక, వారి జాతి పేరెత్తి నిషేధిస్తే సామ్రాజ్యానికి ఇబ్బంది. అందుకే 1908లో కెనడా మరో దారి కనిపెట్టింది. పుట్టిన దేశం లేదా పౌరసత్వం ఉన్న దేశం నుంచి, ఒకే టికెట్టుపై, మధ్యలో ఎక్కడా ఆగకుండా వచ్చినవారినే రానిస్తామంది. భారత్ నుంచి కెనడాకు నేరుగా నడిచే ఓడ లేదు. నేరుగా టికెట్టు అమ్ముతున్న ఒకే ఒక్క కంపెనీ కెనడియన్ పసిఫిక్‌ను ఆ అమ్మకం ఆపమన్నారు. దానికి తోడు ఆసియావాసి చేతిలో 200 డాలర్లు ఉండాలన్న షరతు. నిబంధనలో భారతీయుడన్న మాట ఎక్కడా లేదు, కానీ భారతీయుడు అడుగుపెట్టే వీలూ లేదు. 1913 ఒక్క ఏడాదిలోనే కెనడా 4 లక్షల మందికి పైగా వలసదారులను చేర్చుకుందన్నది గుర్తుంచుకోవాలి.

ఆ ఏడాది నవంబరులో, పనామా మారు అనే ఓడలో వచ్చిన భారతీయుల కేసులో బ్రిటిష్ కొలంబియా ప్రధాన న్యాయమూర్తి గోర్డన్ హంటర్ ఈ ఉత్తర్వులు మాతృ చట్టానికి సరిపోలడం లేదని కొట్టివేశారు. ఆ వార్త హాంకాంగ్ దాకా పాకింది. అక్కడి గురుద్వారాలో ఎందరో పంజాబీలు కెనడా వెళ్లే ఓడ కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నారు. 1914 జనవరిలో పని మీద హాంకాంగ్ వచ్చిన గుర్దిత్ సింగ్‌ను వారు సాయం అడిగారు. అదే నెలలో కెనడా తన ఉత్తర్వులను లోపాలు సరిదిద్ది మళ్లీ తెచ్చింది. కూలీలు బ్రిటిష్ కొలంబియా రేవుల్లో దిగకుండా అంతకు ముందే మరో నిషేధం కూడా పెట్టింది.

గుర్దిత్ సింగ్ లెక్క రెండు రకాలుగా ఉంది. ఒకటి వ్యాపారం: టికెట్లు అమ్మాలి, దారిలో జపాన్‌లో బొగ్గు కొని వాంకూవర్‌లో అమ్మాలి, గిట్టుబాటైతే భారతీయుల సొంత ఓడల కంపెనీ నడపాలి. రెండోది పరీక్ష: బ్రిటిష్ ప్రజకు బ్రిటిష్ సామ్రాజ్యంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు ఉందో లేదో కోర్టులో తేల్చుకోవాలి. ఆయన్ను దేశభక్తుడిగా మాత్రమే చూసేవారు మొదటిదాన్ని మరిచిపోతారు. దురాశాపరుడని తేల్చిన అధికారులు రెండోదాన్ని దాచిపెట్టారు. నిజానికి ఆ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి.

గట్టు కనిపిస్తున్నా దిగలేని రెండు నెలలు

జపాన్ కంపెనీకి చెందిన కొమగాట మారును నెలకు 11 వేల హాంకాంగ్ డాలర్ల చొప్పున ఆరు నెలలకు అద్దెకు తీసుకున్నారు. చట్టవిరుద్ధమైన ప్రయాణానికి టికెట్లు అమ్ముతున్నారని హాంకాంగ్ పోలీసులు ఆయన్ను అరెస్టు చేశారు. తర్వాత వదిలేశారు. ఏప్రిల్ 4న 165 మందితో ఓడ కదిలింది. షాంఘై, మోజి, యొకొహామా రేవుల్లో మరికొందరు ఎక్కాక సంఖ్య 376కు చేరింది. ఎక్కువ మంది సిక్కులు, మిగిలినవారు ముస్లింలు, హిందువులు. గుర్దిత్ సింగ్ చిన్న కొడుకు బల్వంత్ కూడా అందులోనే ఉన్నాడు.

మే 23న ఓడ వాంకూవర్ చేరింది. గట్టు కనిపిస్తూనే ఉంది, దిగే వీలు లేదు. ఇమ్మిగ్రేషన్ అధికారి మాల్కం రీడ్ ఓడను రేవుకు దూరంగా నిలిపి, చుట్టూ కాపలా పడవలు పెట్టారు. అంతకు ముందే కెనడాలో నివాసం ఉండి తిరిగి వస్తున్న ఇరవై మందిని మాత్రం దిగనిచ్చారు. అద్దె బాకీ పడితే ఓడ చేజారుతుంది. రోజులు గడిచేకొద్దీ ఆ గడువు దగ్గరవుతోంది. చట్టప్రకారం విచారించి తిప్పి పంపితే, ఆ నిర్ణయాన్ని కోర్టులో సవాలు చేయవచ్చు. అసలు నిర్ణయమే చేయకుండా సాగదీస్తే సవాలు చేయడానికి ఏమీ ఉండదు. రీడ్ ఎంచుకున్నది ఈ రెండో పద్ధతినే. ఓడను నడిపిన గుర్దిత్ సింగ్‌ను తన లాయర్‌తో మాట్లాడుకోవడానికి గట్టుకు రానివ్వలేదు. ఓడలో తిండికి, మంచినీళ్లకు కటకట మొదలైంది.

వాంకూవర్‌లోని భారతీయులు హుసేన్ రహీం, భాగ్ సింగ్, బల్వంత్ సింగ్ వంటివారి నాయకత్వంలో కమిటీ కట్టారు. 20 వేల డాలర్లకు పైగా చందాలు పోగుచేసి ఓడ అద్దె కట్టారు. ఎడ్వర్డ్ బర్డ్ అనే న్యాయవాదిని పెట్టుకున్నారు. చివరికి అందరి తరఫునా ఒక్కరి కేసు నడిపేందుకు ఒప్పందం కుదిరింది. ఆ ఒక్కరు మున్షీ సింగ్ అనే యువ రైతు. జులై 6న అప్పీలు కోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది: ఇమ్మిగ్రేషన్ శాఖ నిర్ణయాల్లో జోక్యం చేసుకునే అధికారం తమకు లేదు. 1910 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టమే ఆ తలుపు మూసి ఉంచింది. ఏడు నెలల కిందట ఒక న్యాయమూర్తి తెరిచిన దారి అలా మూసుకుపోయింది.

జులై 19న ఓడను బలవంతంగా తరలించడానికి పోలీసులు టగ్‌బోటులో వచ్చారు. పైనుంచి ప్రయాణికులు బొగ్గు పెళ్లలు, ఇటుకలు విసిరి వారిని తరిమారు. అప్పుడు ప్రభుత్వం యుద్ధనౌక రెయిన్‌బోను దించింది. తిరుగు ప్రయాణానికి తిండి సరుకులు ఇస్తామన్నాక, జులై 23న కొమగాట మారు 352 మందితో వెనుదిరిగింది.

స్వదేశంలో మూసిన తలుపు

ఓడ పసిఫిక్ మధ్యలో ఉండగా మొదటి ప్రపంచ యుద్ధంలోకి బ్రిటన్ దిగింది. హాంకాంగ్ దిగనివ్వలేదు, సింగపూర్ కూడా దిగనివ్వలేదు. ఈలోగా బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం సెప్టెంబరు 5న ఒక ఆర్డినెన్సు తెచ్చింది. విదేశాల నుంచి వచ్చే ఎవరి కదలికలనైనా, కోర్టు ముందు నేరం రుజువు చేయకుండానే, నియంత్రించే అధికారం దానితో వచ్చింది. ఏ దేశమూ రానివ్వని మనిషిని సొంత దేశం అనుమానితుడిని చేసింది.

ఈ భయానికి కొంత నేపథ్యం లేకపోలేదు. అమెరికాలో 1913లో పుట్టిన గదర్ పార్టీ సాయుధ తిరుగుబాటుకు పిలుపునిచ్చింది. కాలిఫోర్నియాలో చదువుకుంటూ ఆ పార్టీలో చేరిన తెలుగువాడు దరిశి చెంచయ్య తన ఆత్మకథ నేనూ నా దేశంలో ఆ రోజులను నమోదు చేశారు. యొకొహామాలో గదర్ నాయకులు కొమగాట మారు ప్రయాణికులను కలిశారు. ఓడలోకి పిస్తోళ్లు చేరాయన్న కథనాలూ ఉన్నాయి. అయితే కొందరి మీది అనుమానాన్ని ప్రతి ఒక్కరి మీదా శిక్షగా మార్చడమే బడ్జ్ బడ్జ్‌లో జరిగింది.

హుగ్లీ ముఖద్వారం దగ్గర కుల్పీలో ఓడను ఆపి సోదాలు చేశారు. 29న బడ్జ్ బడ్జ్‌లో దించి, నేరుగా పంజాబ్ రైలు ఎక్కమన్నారు. సుమారు 60 మంది ఎక్కారు. మిగిలినవారు ఒప్పుకోలేదు. కోల్‌కతా వెళ్లి గవర్నర్‌కు మొర పెట్టుకోవాలి, అక్కడి గురుద్వారాలో గురు గ్రంథ్ సాహిబ్‌ను ఉంచాలి, ఓడ తాలూకు లెక్కలు తేల్చుకోవాలన్నది వారి మాట. గ్రంథాన్ని తలకెత్తుకుని ఊరేగింపుగా కోల్‌కతా వైపు నడక సాగించారు. సైన్యం దారిలో అడ్డుకుని వెనక్కి మళ్లించింది. చీకటి పడే వేళకు అందరూ మళ్లీ స్టేషన్ దగ్గరికి చేరారు. గుర్దిత్ సింగ్‌ను విడిగా పట్టుకోవడానికి పోలీసులు గుంపులోకి రావడంతో పెనుగులాట మొదలైంది. మొదటి తూటా ఎవరిదన్నది ఇప్పటికీ వివాదమే. ఆ తర్వాత సైనికులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారం 20 మంది ప్రయాణికులు చనిపోయారు. యూరోపియన్ అధికారులు, పంజాబ్ పోలీసులు, ఏ సంబంధమూ లేని స్థానికులు కూడా ప్రాణాలు కోల్పోయారు. రెండు వందల మందికి పైగా జైలుపాలయ్యారు. చీకట్లో సహచరులు గుర్దిత్ సింగ్‌ను తప్పించారు.

ప్రభుత్వం విలియం విన్సెంట్ అధ్యక్షతన విచారణ కమిటీ వేసింది. బర్ద్వాన్ మహారాజు, కపూర్తలాకు చెందిన దల్జీత్ సింగ్ కూడా అందులో సభ్యులు. ప్రయాణికులను తప్పుదోవ పట్టించినవాడు గుర్దిత్ సింగేనని కమిటీ తేల్చింది. కాల్చినవారి మీద కేసు లేదు. నిందితుడి వాదన వినే అవకాశమూ లేదు, ఆయన పరారీలో ఉన్నారు.

అదే సమయంలో వాంకూవర్‌లోనూ నెత్తురు పారింది. భారతీయుల మీద నిఘా పెట్టిన ఇమ్మిగ్రేషన్ అధికారి హాప్కిన్సన్‌కు వేగుగా పనిచేసిన బేలా సింగ్, సెప్టెంబరు 5న గురుద్వారాలో భాగ్ సింగ్‌ను, మరొకరిని కాల్చి చంపాడు. అక్టోబరు 21న కోర్టు భవనంలోనే మేవా సింగ్ అనే సిక్కు హాప్కిన్సన్‌ను కాల్చి చంపాడు. నేరం ఒప్పుకున్న మేవా సింగ్‌ను 1915 జనవరి 11న ఉరితీశారు. బేలా సింగ్ నిర్దోషిగా బయటపడ్డాడు. వలస నియమాల గొడవగా మొదలైనది ఎనిమిది నెలల్లో హత్యలకు, ఉరికి చేరింది. వినే చోటు లేకుండా పోయినప్పుడు హింస ఆ చోటును ఆక్రమిస్తుంది. అది ఆ హత్యలకు సమర్థన కాదు, అవి ఎలా వచ్చాయన్న దానికి వివరణ మాత్రమే.

లొంగుబాటు, జైలు, స్మారకం

గుర్దిత్ సింగ్ ఏడేళ్లు పేర్లు, ఊళ్లు మార్చుకుంటూ తిరిగారు. తలకు వెల కట్టినా దొరకలేదు. 1921లో గాంధీ సలహాపై లొంగిపోవాలని నిర్ణయించుకున్నారు. అందుకు గురునానక్ జయంతి రోజును, ఆయన జన్మస్థలం నన్కానా సాహిబ్‌ను ఎంచుకుని, వేల మంది చూస్తుండగా పోలీసుల ముందుకు నడిచారు. 1922 ఫిబ్రవరిలో విడుదలైనా, కొద్ది రోజులకే రాజద్రోహ ప్రసంగం చేశారంటూ మళ్లీ అరెస్టు చేసి ఏళ్ల తరబడి జైల్లో ఉంచారు.

బయటికి వచ్చాక కోల్‌కతాలో ఉంటూ కొమగాట మారు ప్రయాణంపై తన వైపు కథను పుస్తకంగా రాశారు. విచారణ కమిటీ ముందు చెప్పలేకపోయినదంతా అందులో చెప్పుకున్నారు. కాంగ్రెస్ ఉద్యమాల్లో మళ్లీ మళ్లీ అరెస్టయ్యారు. 1937 పంజాబ్ ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున పోటీ చేసి, తర్వాతి కాలంలో ముఖ్యమంత్రి అయిన ప్రతాప్ సింగ్ కైరోన్ చేతిలో ఓడిపోయారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో బడ్జ్ బడ్జ్‌లో నెహ్రూ అమరుల స్మారకాన్ని ఆవిష్కరించారు. ఆకాశానికి ఎత్తిన కృపాణంలా ఉండే దాన్ని స్థానికులు పంజాబీ మాన్యుమెంట్ అంటారు. అది నిలబడడం గుర్దిత్ సింగ్ బతికుండగానే జరిగింది. 1954 జులై 24న అమృత్‌సర్‌లో ఆయన కన్నుమూశారు. 2013లో స్టేషన్ పేరు కొమగాట మారు బడ్జ్ బడ్జ్‌గా మారింది. 2016 మే 18న కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఓడను వెనక్కి పంపిన 102 ఏళ్లకు.

మిగిలిన ప్రశ్న

2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం ఒకటి 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దించింది. ప్రయాణంలో వారి చేతులకు, కాళ్లకు సంకెళ్లు ఉన్నాయి. ఆ తర్వాతి నెలలో అమెరికా మరికొందరు వెనెజులా వలసదారులను ముఠా నేరస్థులంటూ, తమ వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా, ఎల్ సాల్వడార్ జైలుకు పంపింది. ముందుగా నోటీసు, సవాలు చేసే వీలు ఉండి తీరాలని ఏప్రిల్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది. గుర్దిత్ సింగ్ జీవితం అడిగే ప్రశ్న ఆ హక్కు గురించి కాదు. కాదనే ముందు మనిషి మాట వినాలా వద్దా అన్నదాని గురించి. వాంకూవర్‌లో ఆయన్ను గట్టు దిగనివ్వలేదు, బడ్జ్ బడ్జ్‌లో గవర్నర్ దాకా నడవనివ్వలేదు, కమిటీ ఆయన లేకుండానే తేల్చేసింది. మూడు చోట్లా ఆయన కోరింది ఒక్కటే, ఎవరైనా కూర్చుని తన మాట వినాలని. వీసా ముద్ర కోసం పిల్లల్ని సముద్రాల అవతలికి పంపుతున్న తెలుగు ఇళ్లకు ఈ ప్రశ్న ఇక పంజాబీల చరిత్ర మాత్రమే కాదు.