తేనెటీగల కొలతలను చదివిన కార్ల్ ఫాన్ ఫ్రిష్

పది లక్షలకన్నా తక్కువ నాడీకణాలున్న మెదడుతో తేనెటీగ దూరాన్ని కొలవగలదు, దిక్కును గుర్తుంచుకోగలదు, ఆ రెండింటినీ తోటి ఈగలకు తెలియజేయగలదు. ఈ సంగతిని రుజువు చేసిన శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్.

ఆయన 1886 నవంబర్ 20న వియన్నాలో జన్మించారు. తండ్రి శస్త్రవైద్యులు. తల్లి ఆచార్యుల వంశానికి చెందినవారు. తేనెటీగలకు రంగులు తెలియవని ఆనాటి ప్రముఖ నేత్రవైద్య నిపుణుడొకరు వాదించేవారు. ఫ్రిష్ నీలి రంగు అట్టపై చక్కెర నీరు ఉంచి ఈగలను అలవాటు చేశారు. ఆపై తీపి లేకుండానే దానిని అనేక బూడిద ఛాయల అట్టల నడుమ పెట్టారు. ఈగలు నీలి అట్టపైనే వాలాయి.

అనంతరం గాజు గోడల తేనెపెట్టెలో ఆయన ఈగల నృత్యాలను పరిశీలించారు. గుండ్రంగా తిరిగే నృత్యం మకరందాన్ని, పొట్ట ఊపుతూ సాగే నృత్యం పుప్పొడిని సూచిస్తాయని 1923లో ప్రకటించారు.

నాజీల పాలనలో ఆయనకు కష్టకాలం వచ్చింది. తల్లి తరఫు అమ్మమ్మ యూదు సంతతికి చెందినవారు కావడంతో 1941లో ఆయనను మ్యూనిక్ విశ్వవిద్యాలయ పదవి నుంచి తొలగించేందుకు ప్రభుత్వం సిద్ధపడింది. అదే సమయంలో నోసీమా అనే వ్యాధి తేనెపట్టులను నాశనం చేస్తోంది. ఈగలు తగ్గితే పంటల పరాగ సంపర్కం దెబ్బతిని ఆహారానికి కొరత వస్తుంది. ఆ వ్యాధిపై పరిశోధనకు ఫ్రిష్ అవసరమయ్యారు. తొలగింపు యుద్ధానంతరానికి వాయిదా పడింది. ఆయన పదవిని తేనెటీగలే నిలిపాయని చెప్పవచ్చు.

బాంబు దాడుల్లో మ్యూనిక్ ఛిద్రమవుతున్న రోజుల్లో, ఆస్ట్రియాలో సరస్సు ఒడ్డునున్న కుటుంబ నివాసంలో ఆయన పని కొనసాగించారు. 1944లో చక్కెర నీటి గిన్నెను పెట్టెకు దూరంగా జరిపి చూడగా, గుండ్రటి నృత్యం ఊపు నృత్యంగా మారింది. తేడా ఆహారంలో లేదు, దూరంలో ఉంది. ఇరవై ఏళ్లుగా చెలామణిలో ఉన్న తన నిర్ణయం పొరపాటని ఆయనే ప్రకటించి సరిదిద్దారు.

స్టాప్‌వాచ్‌తో లెక్కించగా మరింత స్పష్టత వచ్చింది. ఆహారం 100 మీటర్ల దూరంలో ఉంటే ఈగ 15 సెకన్లలో తొమ్మిది, పది సార్లు చుట్టు తిరుగుతుంది. 500 మీటర్లయితే సుమారు ఆరు సార్లే. నిలువు పట్టుపై నేరుగా పైకి సాగే నడక సూర్యుని దిక్కును తెలుపుతుంది. నడక పక్కకు ఎంత కోణంలో వాలితే, ఆహారం సూర్యుని దిక్కు నుంచి అంత కోణంలో ఉన్నట్లు.

కొన్నేళ్లు గ్రాజ్‌లో బోధించి 1950లో ఆయన మ్యూనిక్ చేరుకున్నారు. 1973లో కోన్రాడ్ లోరెంజ్, నికోలాస్ టిన్‌బర్గెన్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. 1982 జూన్ 12న, 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఫ్రిష్ చూపినది కొలిచే శక్తి. లెక్కించే శక్తి ఉందా అన్న ప్రశ్నను తరువాతి తరం చేపట్టింది. బెంగళూరులో చదువుకుని ఆస్ట్రేలియాలో పరిశోధనలు చేసిన మాండ్యం శ్రీనివాసన్, స్వీడన్ శాస్త్రవేత్త మేరీ డాకే 2008లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. సొరంగంలో గుర్తుల మధ్య ఎడం మార్చినా, నేర్చుకున్న గుర్తు దగ్గరే ఈగలు ఆహారం కోసం వెతికాయి. ఆ లెక్క నాలుగు వరకు సాగింది. ఏమీ లేని అట్టను ఒకటికన్నా తక్కువగా ఈగలు గుర్తిస్తాయని 2018లో మరో బృందం చూపింది. ఈ పరిశోధకులందరూ ఈగలను ప్రశ్నించిన తీరు మాత్రం ఫ్రిష్‌దే: తీపితో అలవాటు చేయడం, ఆపై తీపి తీసివేసి ఈగ ఎటు వెళుతుందో చూడడం.